ఎండ తాగేసిన కబురు

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కాలు ఊగుతూనే ఉంటుంది, వేళ్ళు బల్ల మీద తాళం వేస్తూనే ఉంటాయి. చిన్నప్పుడు మా అమ్మ తొడమీద ఒకటి చరిచి, "ఆ కాలేటి, దానికి తాడు కట్టీమంటావా?" అనేది. అలాంటివాడికి దేవుడు ఏరికోరి ఇప్పించిన ఉద్యోగం, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా కూర్చోవడం. బిలాస్‌పూర్ రైల్వే వైర్‌లెస్ గదిలో నేను ఆపరేటర్ని.

అది నా తెలివికి వచ్చిన ఉద్యోగం కాదు. నాన్న లోకో షెడ్డులో డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. మా అక్కను మేం అప్ప అనేవాళ్ళం. అప్ప నాకంటే ఆరేళ్ళు పెద్దది, నాకంటే బాగా చదువుకుంది. అయినా "ఆడపిల్ల, రేపో మాపో పెళ్ళయి ఎల్లిపోతాది" అని పెద్దవాళ్ళంతా కలిసి దరఖాస్తులో నా పేరు రాయించారు. రాసింది అప్పే, ఆమె దస్తూరి బాగుంటుందని. ఆ ఉద్యోగంతోనే మా క్వార్టరు మాకు నిలిచింది. అప్ప కాలనీ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతూ ఉండిపోయింది. ఆ పిల్లలు తెలుగు మాట్లాడతారు, రాయమంటే హిందీలో రాస్తారు.

ఇదంతా ఎనభైల చివర మాట. మా వైర్‌లెస్ గది రేకుల షెడ్డు. బయట రెండు స్తంభాల మధ్య కట్టిన తీగ మా ఏరియల్. వెనక బొగ్గు వ్యాగన్లు గంటల తరబడి కదలకుండా పడి ఉండేవి, లోపల నాకూ అదే గతి. వాల్తేరుతో ఆఫీసు మెసేజీలన్నీ పదకొండున్నర, పావుతక్కువ పన్నెండు కల్లా తెమిలిపోయేవి. పన్నెండింటికి మాత్రం ఓ పది నిమిషాలు ఇంటి కబుర్లు.

ఇంటి కబుర్ల ఊసు ఏ రూలు పుస్తకంలోనూ లేదు. అయినా నాకు ముందున్నవాళ్ళు నడిపారు, నేనూ నడిపాను. సిక్కోలు, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చి తరాలుగా రైల్వేనే నమ్ముకున్న కుటుంబాలు మావి. ఊరికి ట్రంక్ కాల్ బుక్ చేస్తే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పోస్టాఫీసు బల్లమీద పడిగాపులు. ఉత్తరమైతే వారం. అందుకని చెల్లెలికి కాన్పయిందనో, మామయ్య మెయిల్ రైల్లో బయల్దేరాడనో, ఎవరికో జ్వరం తగ్గిందనో వాల్తేరు ఆపరేటరు చెప్పేవాడు. నేను చీటీల మీద రాసుకుని, డ్యూటీ దిగాక సైకిల్ మీద ఇంటింటికీ ఇచ్చి వెళ్ళేవాణ్ణి.

వాల్తేరు ఆపరేటరు మొహం నేను ఎన్నడూ చూడలేదు. గొంతే తెలుసు. నన్ను "బావూ" అని పిలిచేవాడు. మా అమ్మ ఆరోగ్యం రోజూ అడిగేవాడు.

ఆ ఎండాకాలం అప్పకు ఒక సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు వాల్తేరు షెడ్డులో ఫిట్టరు. అప్పకు అప్పటికి ఇరవై తొమ్మిది నిండాయి, ఐదు సంబంధాలు వెళ్ళిపోయాయి. మా వాళ్ళలో పిల్ల వద్దని నోటితో చెప్పరు, చెబితే ఆ ఇంటిని అవమానించినట్టు. ఫలానా రోజుకు కబురంపుతాం అంటారు. ఆ రోజుకు కబురు రాకపోతే, వద్దన్నట్టు. ఇక మనం అడక్కూడదు. అడిగితే మన పిల్లను మనమే తక్కువ చేసుకున్నట్టు. రెండు వైపులా అదే మర్యాద. ఐదుసార్లూ మేం ఆ మర్యాద పాటించాం. ఐదుసార్లూ అప్ప ఆ రోజు ఇల్లు కడిగింది.

ఈ ఫిట్టరు పెళ్ళిచూపులకు వచ్చి, కంగారులో టీ కప్పు ఒలకబోసుకున్నాడు. మా అమ్మ గుడ్డ తెచ్చేలోగా తన రుమాలుతో తనే నేల తుడిచి, ఆ తడి రుమాలు ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక అప్ప చాలాసేపు నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను చూసి ఎన్నాళ్ళయిందో. పెళ్ళికొడుకు తల్లి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "గురువారం పన్నెండింటికి మీ బావు కూచున్న కాడికే కబురు పంపుతాం. మీ మాట కూడా అప్పుడే చెప్పీండి. రాకపోతే ఏటీ అనుకోకండి" అంది.

గురువారం పొద్దున నేను సైకిల్ తీస్తుంటే అప్ప వెనక క్యారియర్ పట్టుకుని ఆపింది. "నా మాట సరే అని చెప్పు. వాళ్ళది విన్నాక చెప్పకు. ముందు మనమే చెప్పాలి" అంది. ఎందుకని అడిగాను. "ఐదుసార్లు వాళ్ళ మాట కోసమే చూసేను. ఈసారి నాది ముందెళ్ళనీ" అంది.

ఇక్కడ నా వెధవ పని ఒకటి చెప్పాలి. బుధవారం సాయంత్రం సెట్టులో ఏదో గరగర వినిపిస్తోందని, చేతులు ఊరుకోక, దాని వెనక మూత విప్పాను. ఒక తీగ వదులైనట్టు అనిపిస్తే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి అతికించాను. ఆపరేటరు సెట్టు విప్పకూడదు. అది మెకానిక్ పని. నేనేమో ఇంకా కన్ఫర్మ్ కాలేదు, కాగితాలు ఆఫీసులో నడుస్తున్నాయి. అయినా విప్పాను, మూసేశాను, ఎవరికీ చెప్పలేదు.

గురువారం పదకొండున్నరకు లైను బాగానే ఉంది. పన్నెండుకు పది నిమిషాలుండగా చెవిలో ఉన్నట్టుండి ఏదీ లేదు. వాల్తేరు గొంతు పోవడం సంగతి అలా ఉంచండి, ఎప్పుడూ ఉండే ఆ హోరు కూడా పోయింది. హెడ్‌ఫోన్ తీసి చూసుకున్నాను. మళ్ళీ పెట్టుకున్నాను. వేరే ఫ్రీక్వెన్సీకి తిప్పాను, అక్కడా అంతే. బయటికి పరిగెత్తి ఏరియల్ చూశాను. తీగ ఎక్కడిదక్కడే ఉంది, నెత్తిన ఎండ భగభగమంటోంది. లోపలికొచ్చి మైకు నొక్కి "వాల్తేరు, వాల్తేరు, బిలాస్‌పూర్ మాట సరే, మా అప్ప మాట సరే" అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. నొక్కడం, వదలడం, వినడం. ఏమీ లేదు. నా చేతులతో నేనే సెట్టును చంపేశాననుకున్నాను.

ఒంటిగంట దాటాక హోరు తిరిగొచ్చింది, మెల్లగా. అప్పటికి వాల్తేరు అతని డ్యూటీ అయిపోయింది. ఇంకెవరో కొత్త గొంతు హిందీలో ఆఫీసు మెసేజీ చదువుతోంది. సెట్టు దానంతటదే బాగైందంటే నేను అతికించిన తీగే ఓసారి అంటుకుంటూ ఓసారి ఊడుతూ ఉందన్నమాట, అనుకున్నాను. లాగ్ పుస్తకం తీసి, పదకొండూ యాభై నుంచి ఒంటిగంట దాకా ఉన్న గడిలో "ట్రాఫిక్ లేదు. సెట్టు సవ్యం" అని రాశాను. సెట్టు చచ్చిందని రాస్తే మెకానిక్ వస్తాడు, మూత విప్పుతాడు, కొత్త సోల్డరింగ్ చూస్తాడు.

ఇంటికెళ్ళేసరికి అప్ప గుమ్మంలో లేదు. లోపల పిల్లల పలకలు తుడుస్తూ కూర్చుంది. తలెత్తి చూసింది, అడగలేదు. "కబురు రాలేదు అప్పా" అన్నాను.

"నా మాట చెప్పేవా?"

"చెప్పేను."

రెండూ నిజాలే. అంతకన్నా పెద్ద అబద్ధం నేను జీవితంలో ఆడలేదు. అప్ప చేతిలో పలక తుడవడం పూర్తి చేసి, బకెట్టు తీసుకుని ఇల్లు కడగడానికి లేచింది.

మర్నాడు పన్నెండింటికి వాల్తేరు గొంతు ముందు నా సంగతే అడిగింది. "నిన్న ఏటైంది బావూ? మీ వైపు ఊపిరే లేదు?"

నిజం చెప్పడానికి దేవుడు నాకు పళ్ళెంలో పెట్టి ఇచ్చిన అవకాశం అది. కానీ పక్కబల్ల దగ్గర క్లర్కు కూర్చుని ఉన్నాడు, నా మాట నాకే గట్టిగా వినిపిస్తోంది. "మా వైపు బాగానే ఉంది" అన్నాను.

అతను మళ్ళీ అడిగాడు. "బాగానే ఉందేటి?"

"ఆ, బాగానే ఉంది."

"అలగా. సరేలే అయితే" అన్నాడు. ఆ రోజునుంచి అతను నన్ను బావూ అనడం మానేశాడు. అమ్మ ఎలా ఉందని అడగడమూ మానేశాడు. ఇంటి కబుర్లు పొడిపొడిగా చదివేసి పెట్టేసేవాడు. నాకది అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలంటే అడగాలి, అడిగితే నా గుట్టు బయటపడుతుంది.

తరవాతి రోజులు ఎలా గడిచాయంటే, నేను ఇంట్లో ఉండలేకపోయేవాణ్ణి. అప్ప మామూలుగానే ఉండేది, వంట చేసేది, పిల్లలకు గుణింతాలు చెప్పేది. ఆ మామూలుతనమే నాకు ముల్లులా గుచ్చుకునేది. పని లేకపోయినా సైకిలేసుకుని ఊరి శివార్లలోని మంగ్లా దాకా, మోప్కా దాకా తిరిగి వచ్చేవాణ్ణి. అమ్మ ఆదివారాలు సూర్యుడి పేరు చెప్పి ఉప్పు లేకుండా తినేది. అప్ప పెళ్ళయితే అరసవల్లి వస్తామని మొక్కు. ఆ నెల ఆదివారాల్లో అమ్మ రోజూ చేసే దణ్ణాలకు తోడు ఒంటిపూట కూడా ఉంది.

గురువారం తరవాత ఇరవై నాలుగో రోజున మా వైర్‌లెస్ ఇన్‌స్పెక్టరు వచ్చారు. బెంగాలీ మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. నెలకోసారి అన్ని స్టేషన్ల లాగ్ పుస్తకాల నకళ్ళూ ముందు పెట్టుకుని చూడటం ఆయన పని. నా పుస్తకం తిరగేస్తూ ఒక గడి మీద వేలు పెట్టి ఆగారు. నా కాలు బల్ల కింద ఊగడం ఆగిపోయింది.

"ఆ రోజు మధ్యాహ్నం నాకు తెలిసిన ప్రతి స్టేషనూ లైను చచ్చిపోయిందని రాసింది" అన్నారు హిందీలో, నెమ్మదిగా. "నువ్వొక్కడివే సవ్యం అని రాశావు. నీ సెట్టుకు వేరే ఆకాశం ఉందా?"

ఆయన లేచి, సంచీలోంచి ఒక పాత బైనాక్యులర్ తీసి, నన్ను బయటికి రమ్మన్నారు. దాని ఒక కన్నుకు అట్టముక్క మూసి, రెండో కన్నులోంచి ఎండను తెల్లకాగితం మీద పడేశారు. గోళీకాయంత వెలుగు బిళ్ళ పడింది. దాన్ని నేరుగా చూస్తే కళ్ళు పోతాయి, ఇలా చూడాలన్నారు. ఆ బిళ్ళ మీద పెన్ను చుక్కల్లాంటి మచ్చలు రెండు మూడు ఉన్నాయి. కాగితం మీద దుమ్మనుకుని నేను ఊదాను. పోలేదు.

"అవి సూర్యుడి మీద మచ్చలు. ఒక్కోదాంట్లో మన భూమి పడుతుంది. పదకొండేళ్ళకోసారి ఇవి బాగా పెరుగుతాయి, ఇప్పుడు ఆ రోజులే. అక్కడ ఒక్కోసారి పెద్ద మంట లేస్తుంది. ఆ వెలుగు కంటికి తెలియదు. ఎనిమిది నిమిషాల్లో ఇక్కడికి వచ్చేస్తుంది. మన మాట పైకెళ్ళి, చాలా ఎత్తున ఉన్న ఒక పొరను తాకి కిందికి తిరిగొస్తుంది కదా, ఆ దారిలో దానికింద ఇంకో పొర ఉంది. మంట పడితే ఆ కింది పొర చిక్కబడి, మన మాటను పైకి పోనివ్వకుండా తాగేస్తుంది. పగలు ఉన్నవైపంతా అంతే. రాత్రి ఉన్నవైపు ఏమీ కాదు. ఓ గంటకి దానంతటదే సర్దుకుంటుంది."

నేను కాగితం మీద చుక్కల్నే చూస్తున్నాను. అవి నెమ్మదిగా పక్కకు జరిగిపోతున్నాయి. మా అమ్మ ఉప్పు మానేసి దణ్ణం పెట్టేది ఈయనకే కదా, అనుకున్నాను. నాకు సూర్యుడి మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అంతలోనే ఆ కోపం నాలిక మీదే ఎండిపోయింది, ఎందుకంటే ఇన్‌స్పెక్టరు తరవాత అడిగిన మాట ఇది.

"సెట్టు విప్పావా?"

"విప్పాను సార్."

లోపలికొచ్చి, మూత తీసి, కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "సోల్డరింగ్ బాగుంది. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నారు. నా రాతను ఒక గీతతో కొట్టేసి, లైను పోయిందని పక్కన తిరిగి రాయించి, నా చేత సంతకం పెట్టించారు. అంతే. కేకలు లేవు, రిపోర్టు లేదు. ఇంతోటి దానికా నేను ఇరవై నాలుగు రోజులు నోరు కుట్టుకున్నాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళి అప్పకు అంతా చెప్పాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. సూర్యుడు, మచ్చలు, పొర, అన్నీ గడగడా చెప్పేశాను, అందులో నా తప్పు కాస్త చిన్నదిగా కనబడుతుందేమోనని. అప్ప చెయ్యి ఆగలేదు.

"అమ్మ మొక్కు ఆయనకి బాగా వినపడ్డట్టుంది" అంది.

నవ్వాలో వద్దో తెలియలేదు. కాసేపటికి ఆమె అడిగింది. "మర్నాడు ఆ వాల్తేరాయన ఏటైందని అడగలేదేటి?"

"అడిగేడు."

"నువ్వేటన్నావు?"

"మా వైపు బాగానే ఉందన్నాను."

ఆమె తరగడం ఆపింది. నేను ఇరవై నాలుగు రోజుల్లో చేయలేని లెక్క ఆమె ఆ ఒక్క క్షణంలో చేసేసింది. మా వైపు బాగానే ఉందంటే, వాళ్ళు పంపిన మాట మాకు వినపడిందన్నట్టు. విని ఊరుకున్నామన్నట్టు. అంటే వద్దన్నట్టు. అతని గొంతు ఎందుకు ముభావంగా మారిందో నాకు అప్పుడు తెలిసింది.

"సూర్యుడు ఒక గంట ఊరుకున్నాడు. నువ్వు ఇరవై నాలుగు రోజులు ఊరుకున్నావు" అంది అప్ప. గొంతు పెంచలేదు. మిగిలిన బెండకాయలు తరిగేసి, కత్తిపీట మడిచి గోడకు పెట్టి, "రేపు పన్నెండింటికి నేనొస్తాను. నేనే అడుగుతాను" అంది.

"మనం అడక్కూడదు కదా అప్పా."

"ఊరుకుంటే ఏటైందో చూసేవు కదా."

మర్నాడు పదకొండున్నరకే గొడుగేసుకుని వచ్చింది. చూపులనాటి చీర కాదు, పిల్లలకు పాఠాలు చెప్పే నూలు చీర. క్లర్కు ఆమెను చూసి కుర్చీ ఇచ్చి బయటికి వెళ్ళాడు. సూర్యుడు ఇరవై ఏడు రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడనీ, ఆ మచ్చలు మళ్ళీ మనవైపు వచ్చే రోజులివేననీ ఇన్‌స్పెక్టరు చెప్పింది నా బుర్రలో తిరుగుతోంది. నేను గుమ్మం దాకా వెళ్ళి ఎండకేసి చూడటం, లోపలికి రావడం, హెడ్‌ఫోన్ చెవికి ఆన్చడం. "నువ్వు కూచుంటావా, నన్ను లేవమంటావా?" అంది అప్ప. కూర్చున్నాను.

ఆ రోజు లైను ఎంత బాగుందంటే, వాల్తేరు గదిలో ఫ్యాను తిరగడం కూడా వినిపించింది. స్పీకరు పెట్టాను. అప్ప మైకు అందుకుంది. నొక్కి పట్టుకుని మాట్లాడాలని చూపించాను.

"నేను బిలాస్‌పూర్ ఆపరేటరు అప్పనండి. ఆ గురువారం మా లైను పోయింది. మీ మాట మాకు రాలేదు. మా మాట సరే అని మావాడు చెప్పేడు, అది మీకు రాలేదు. మీ వాళ్ళ మాట ఏటో చెప్తారా?"

అవతల చాలాసేపు ఫ్యాను ఒక్కటే వినిపించింది. "అమ్మా" అన్నాడు చివరికి. "వాళ్ళు సరే అన్నారమ్మా. ఆ పిల్లాడు నా పక్కనే కూచున్నాడు ఆ రోజు. నేను మూడుసార్లు చెప్పేను. మర్నాడు మీ తమ్ముడు బాగానే ఉందంటే, విని ఊరుకున్నారనుకున్నాం. పది రోజులు చూసేరమ్మా. వేరే కాడ ఖాయం చేసేసుకుని ఇప్పటికి పన్నెండు రోజులైంది."

అప్ప మైకు నొక్కింది. వెంటనే మాట్లాడలేదు. నొక్కి ఉంచితే అవతలివాళ్ళకు మన గది అంతా వినిపిస్తుంది, మా కూలర్ నీళ్ళ చప్పుడు వాల్తేరుకు వెళ్తోంది.

"అచ్ఛా. శుభం" అంది. "ఆయనకి చెప్పండి. మాది కూడా సరే అనే చెప్పేమని. అదొక్కటి తెలియాలి." మైకు నా చేతిలో పెట్టి, గొడుగు తీసుకుంది.

మూడేళ్ళ తరవాత అప్పకు పెళ్ళయింది. మంచివాడు, నాగ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగి. పిల్లలు కలిగారు. అమ్మ అరసవల్లి మొక్కు తీర్చుకుంది, నేనూ వెళ్ళి దణ్ణం పెట్టాను, కాస్త మొహమాటంగా. ఆ తరవాత ఊళ్ళో వీధివీధికీ ఫోను బూత్‌లు వచ్చాయి, ఇంటి కబుర్లు ఆగిపోయాయి, కొన్నాళ్ళకు మా గదిలో సెట్టు మీద గుడ్డ కప్పేశారు. అప్ప ఆ గురువారం సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే నా కాలు కాస్త ఊగడం ఆగేదేమో.

కానీ ఒకటుంది. మాకు ఫోన్లు వచ్చిన కొత్తలో లైన్లు ఊరికే తెగిపోయేవి. అప్ప నాగ్‌పూర్ నుంచి మాట్లాడుతూ ఉంటే మధ్యలో లైను పోయేది. పోయిన మరుక్షణమే, పిల్లలు ఏడుస్తున్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా, తనే మళ్ళీ చేసేది. ఎత్తగానే, ఇంకే మాటా అనకముందే, ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది.

"లైను పోయిందిరా. నేను ఊరుకోలేదు."